చేతులు కట్టుకో

"మేడం, దాని చేతులు పట్టకుండ్రి. అది మాట్లాడుతున్నది," అన్నాడు మా వరండా మెట్ల మీద కూర్చున్న మరమగ్గాల కార్మికుడు. నా భార్య చేతిలోంచి అతని బిడ్డ వేళ్లు మెల్లగా జారిపోయాయి. ఆ పిల్లకు ఆరేళ్లు. వినబడదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. జగిత్యాల నుంచి బదిలీ అయి సిరిసిల్లలో అద్దెకుంటున్నాం. నేను పత్రికకు సమ్మె వార్తలు రాసేవాడిని. నా భార్య ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్. బడులకు తాళాలు పడ్డాయి. నేర్చుకున్నది మరిచిపోతారన్న బెంగతో ఆమె నలుగురు పిల్లలను మా వరండాలోనే కూర్చోబెట్టుకునేది.

"సమ్మెల బడి నడుపుతున్నవేందమ్మా, తెలంగాణ నీకొద్దా?" అని పక్కింటి పెద్దాయన ఆటపట్టించేవాడు.

"జీతం లేని బడికి సమ్మేంది తాతా?" అనేది.

ఆ పిల్లను రోజూ తల్లి తెచ్చేది. ఆ వేళ కరెంటు కోతకు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోవడంతో తండ్రి వచ్చాడు.

పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పడంలో నా భార్యకు శిక్షణ ఉంది. పిల్ల మాత్రం రెండు వేళ్లు కలిపి చటుక్కున విడదీస్తుండేది. అది ఉత్త అలవాటనుకుని నా భార్య "చేతులు కట్టుకో" అంటూ ఆ వేళ్లు పట్టుకునేది. పిల్ల ఊళ్లోని మామూలు బడికి పోవాలా, దూరాన బధిరుల హాస్టల్లో ఉండాలా అన్నది ఆమె రాసే నివేదిక మీదే ఆధారపడి ఉంది. "కుదురు లేదు, చేతులు ఊరికే ఆడిస్తుంది" అని అప్పటికే రాసింది. ఒకసారి చూసిపెట్టమంటే నేను అక్షరదోషాలు దిద్ది ఇచ్చాను.

"ఏమంటున్నదన్నా?" అని నా భార్య ఆ తండ్రిని అడిగింది.

"పోగు తెగిందంటున్నది."

"ఇక్కడ పోగెక్కడిది?"

"సాంచాల మోతల పక్కోని మాట ఇనబడదు మేడం. అందరం చేతులతోనే చెప్పుకుంటం. తల్లి ఎంట సద్ది పట్టుకొచ్చినప్పుడల్లా చూసి నేర్చింది. దీనికి ఏది కరాబైనా పోగు తెగినట్టే. కడుపు నొచ్చినా గంతే, నేను కోపం జేసినా గంతే."

నా భార్య పిల్ల చెవి మిషన్ తీసి చూసింది. బ్యాటరీ అయిపోయి ఉంది.

"వారం సంది చెప్తున్నది. నేనే నోరు మూయించిన," అంది.

అప్పటి నుంచి కరెంటు పోయినప్పుడల్లా అతను వచ్చి సాంచాల సైగలు నేర్పేవాడు. ఆమె చెయ్యి ఊపితే, "మేడం, మీరు పోగు తెంపుతలేరు, ఈగలు తోలుతున్నరు," అని నవ్వేవాడు. ఆమె అతనికి వెలుగుకు ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడటం నేర్పింది. ఒకరోజు అతని మీసాలు చూపించి, "గా మీసం పెదవుల మీద పడుతున్నది. పిల్లకు మాటెట్ల కనబడ్తది?" అంది.

"తెలంగాణ వచ్చిందాంక తియ్యనని మొక్కిన మేడం."

"అందాంక నీ బిడ్డ ఆగుతదా?"

మర్నాడు గడ్డం అలాగే ఉంచి, మీసం పైపెదవి కనబడేంత కత్తిరించుకొచ్చాడు. దీక్షా శిబిరంలో తోటివాళ్లు ఊరుకోలేదు. "ఏందిరా, తెలంగాణ నీకొక్కనికే వచ్చిందా?" అన్నారు. "సగం వచ్చింది తియ్యి," అన్నాడట.

నా భార్య నివేదిక తిరగరాసింది. ఏ సైగకు ఏ అర్థమో వరుసగా చెప్పింది. బడులు తెరిచాక ఊళ్లోని మామూలు బడి హెడ్మాస్టరు పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు. మంచివాడే, కానీ ఆయనకో చిక్కొచ్చిపడింది. ఒకటో తరగతి పరీక్ష చాలా వరకు నోటితోనే. చేత్తో చెప్పిన జవాబుకు మార్కు వేయొచ్చా? కుదరదంటే మళ్లీ హాస్టల్ మాటే వస్తుంది. ఆయన పై ఆఫీసుకు రాసి అడిగాడు.

ఎండాకాలంలో నాకు కోరుట్లకు బదిలీ అయింది. మేము సామాను ఎత్తే రోజు దాకా ఆయన ఉత్తరానికి జవాబు రాలేదు.