అత్త నా కాళ్ళకు మొక్కిన రోజు

లావు తగ్గాలని చెన్నైలో ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకుని అండమాన్‌లోని మా జంగ్లీఘాట్‌కు తిరిగొచ్చాను. మునుపటి ఆకలే లేదు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఉపవాసాలతో తగ్గానన్నాను. తీపి తింటే ఇక ఒళ్ళు తట్టుకోదని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది.

మరిది కొత్త పడవ దింపే రోజు వచ్చింది. గంగమ్మకు పెట్టిన పరమాన్నం మా ఇంట్లో పెద్దకోడలే మొదట తినాలి. వద్దంటే కారణం చెప్పాలి కదా, తినేశాను. కాసేపటికే గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమట, వణుకు. ఇసుకలో కూలబడ్డాను.

"అమ్మోరు పూనింది!" అని ఎవరో అరిచారు. పసుపునీళ్ళు పోశారు. మా అత్త నా కాళ్ళమీద పడింది.

"తల్లీ, మౌసమ్ బాగోలేదు, మబ్బు పట్టేసింది. నా సిన్నోడిని ఇయ్యాల సముద్రంలోకి పంపమంతావా, ఒద్దంతావా?"

నేను తల ఊపితే మరిది వెళ్ళిపోతాడు. ఏడుపొచ్చేసింది.

"అమ్మోరు కాదత్తా, నేనే. ఉపవాసం అబద్ధం. పొట్ట కోయించుకున్నాను, తీపి పడదు" అన్నాను, అందరి ముందూ.

అత్త మెల్లగా లేచి, చీర దులుపుకుంది. "నాకు సెప్తే ఆ గిన్నె నేనే తినేద్దును కదే!" అంది.

ఇప్పటికీ పరమాన్నం వాసన తగిలితే, కడుపు కన్నా ముందు నా కాళ్ళు ముడుచుకుంటాయి.