ఆరని రంగు మీద వేలి గుర్తు

ఫోన్ మోగితే చాలు, నా గుండె గుభేలుమంటుంది. మా ఆయన దుబాయిలో కట్టడాల మీద పని చేస్తాడు. మొన్న పొద్దున వేళ కాని వేళ మోగితే అట్లాగే బెదురుతూ ఎత్తాను. ఆయన గురించి కాదు, మేడిపల్లిలో మా అత్త పోయిందట. హమ్మయ్య అనుకున్నాను. ఏమనుకున్నానో తెలిసి నోరు నొక్కుకుని ఏడ్చాను.

అత్త అంటే నా అత్తగారు కాదు. నేను బట్టలు కుట్టే పనికి సిరిసిల్ల రాకముందు మా పక్కిల్లు ఆమెది, వరసకు అత్త. ఆమె కొడుకు కూడా దుబాయిలోనే. అయినా ఆమె బెదరగా నేను ఏనాడూ చూడలేదు.

దుబాయి నుంచి వచ్చేవాళ్లు తెచ్చే పాలపొడి డబ్బాలు ఖాళీ అయితే అందరం పప్పులు పోసుకుంటాం. అత్త మాత్రం గరుకు కాగితంతో మీది అక్షరాలన్నీ గీకేసేది. మెహందీ కోనులో జిగురు నింపి తీగలు, పువ్వులు గీసేది. అవి గట్టిపడ్డాక గీతలకు బంగారు రంగు అద్ది, నడుమ ఖాళీల్లో కోరుట్లలో కొన్న గోళ్ల రంగు పొర మీద పొర నింపేది. ఆరితే వెండి మీద రంగులు నింపిన మీనాకారీ భరిణె లెక్క తళతళలాడేది. జగిత్యాల నగల దుకాణంలో అద్దం వెనక అట్లాంటిది చూసిందట.

"కొనుడు మనతోని కాదు. చేసుకుంటే ఎవడొద్దంటడు?" అనేది. చుట్టాలెవరైనా వెండిదా అని అడిగితే పకపకా నవ్వి, "వెండేందమ్మా, పాలపొడి డబ్బా!" అనేది.

ఒకసారి మా ఆయన ఫోన్ రోజుల తరబడి రాలేదు. చేస్తే స్విచాఫ్. ఎక్కడి నుంచి పడ్డాడో, ఏ ఆస్పత్రిలో ఉన్నాడో అని నాకు అన్నం సయించలేదు. అత్త వచ్చి ఒక డబ్బా నా ఒళ్లో పెట్టింది.

"గీ ఆకులు నింపు బిడ్డా. రంగు గీత దాటొద్దు."

"చెయ్యి వణుకుతున్నది అత్తా."

"వణకనీ. వణుక్కుంటనే నింపు."

నింపుతుంటే ఫోన్ మోగింది. ఉలిక్కిపడ్డాను, వేలు పోయి ఆరని నీలంలో దిగబడింది. మా ఆయనే! ఫోన్ పగిలిపోయిందట, అంతే. నవ్వో ఏడుపో తెలియకుండా మాట్లాడి, చెడిన రంగు తుడవబోతే అత్త చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి. మనిషి మంచిగున్నడు, గది చాలు." ఆ డబ్బాలో ఇప్పుడు నా దారపు ఉండలు ఉంటాయి.

మొన్న నేను మేడిపల్లి పోయినప్పుడు ఆమె కోడలు, అత్త సగం నింపి వదిలేసిన డబ్బా నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. నింపిన ప్రతి పువ్వులోనూ బొటనవేలి గుర్తు.

"గివేంది అక్కా?"

"ఫోన్ మోగినప్పుడల్లా గట్లనే అదిరిపడేది చెల్లె, కొడుకుకేమన్న అయిందా అని. చెడిపోయినయన్నీ అటుక మీద దాసింది. నువ్వు భయపడతవని నీకు చెప్పనియ్యలే."

అత్త ధైర్యం చూసే కదా నేను ఇన్నాళ్లూ బతికింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంచిలో ఫోన్ మోగింది. తీయడానికి నా చెయ్యి రాలేదు. బొటనవేలు మాత్రం ఎర్ర పువ్వులో అత్త వేలు దిగిన చోటే గట్టిగా ఆనుకుని ఉంది.