రిజర్వు గడిలో సున్నా

మా చెల్లెలు జయంతికి వృథా అంటే ఒళ్లు మంట. చిన్నప్పుడు తెగిన పట్టుపోగులు ఏరి బొమ్మకు జడ అల్లేది. పద్దెనిమిదేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మెషీన్‌ను చూసుకునే ఉద్యోగం. ఇప్పుడు ధర్మవరంలో మా ఇంట్లోనే, నా మగ్గం పక్క గదిలో కూర్చుని చేస్తోంది. ఆపరేషన్లకు ఇన్సూరెన్స్ అనుమతి కావాలంటే వందల ఆసుపత్రులు అడిగేది ఆ మెషీన్‌నే.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, "అన్నా, మగ్గం ఆపు!" అని అరిచింది. పరుగెత్తాను. మెమరీ నిండిపోయి, పట్టని పని డిస్కు మీదికి పొర్లుతోందట. అక్కడా చోటు నిండితే మెషీన్ నిలిచిపోతుంది. అప్పటికే డిస్కు డెబ్బై శాతం నిండింది.

ఫోన్‌లో బెంగళూరు నుంచి మేనేజరు భరత్‌కుమార్ కేకలు. "మెషీన్‌లో ఇంకో సగం మెమరీ వాడకుండా పక్కన ఉంది కదమ్మా! అదీ ఇచ్చెయ్."

"ఇయ్యలేను సార్."

మెషీన్‌ను ఆన్ చేసి లేపేముందే, తర్వాత ఎంత మెమరీ కలపొచ్చో రిజర్వు గడిలో రాయాలి. రాయకపోతే పక్కన ఎంతున్నా దానికి కనిపించదు. వాడని మెమరీని పేరున పెట్టుకోవడమెందుకని మా మహాతల్లి సున్నా రాసింది.

నాకు తిక్కరేగింది. "చీర కోసేటప్పుడు జానెడు పడుగు పోగులు మగ్గం మీదనే వదల్తామే, దేనికి? కొత్త పడుగు దేనికి ముడేస్తావ్? మగ్గమోళ్ల ఇంట్లో పుట్టి మొదలంటా కోసినావా?"

ఫోన్ దగ్గరికి లాక్కుంది. ఎనభై ఆరు శాతం.

"సార్, తప్పు నాదే. ఆపి లేపితే ముప్పావుగంట అనుమతులుండవు. ఆపకూడదంటే మీ మీటింగ్ కోసం నడుస్తాండే రిపోర్టును మధ్యలోనే చంపాల. మెమరీ మింగుతాండేది అదే."

"పన్నెండుకు పెద్దవాళ్లతో మీటింగ్! నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకో."

"ఆపరేషన్‌కు పండుకున్నోళ్లకు మీటింగ్ ఉండాదా సార్?"

తొంభై మూడు. రిపోర్టును చంపే ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కింది. అంకె కదల్లేదు. నేను తెర దగ్గరికి వంగి చూశాను. తొంభై రెండు. ఎనభై. జయంతి కుర్చీలోనే ఏడ్చేసింది.

ఆ సాయంత్రం సంజాయిషీ తానే రాసింది. 'సున్నా పెట్టింది నేనే' అన్నది మొదటి వాక్యం. ఆదివారం మెషీన్ ఆపి, రిజర్వు రాసి లేపారు. ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తెలియదు.

నిన్న మగ్గం మీద చీర పూర్తయింది. కత్తెర ఆమె చేతికిచ్చాను. జానెడు చాలు, మూరెడు వదిలి కోసింది. పట్టు వృథా అని అరవబోయి, నోరు మూసుకున్నాను.