విషయసూచికలో ఎవరి పేరు పైన

పత్రిక చేతికి రాగానే అందరూ అట్ట చూస్తారు. నేను అట్ట తిప్పేసి విషయసూచిక చూస్తాను. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. దానికి గొప్ప కారణమేమీ లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో హిందీ మీడియంలో చదివిన పిల్లని, తెలుగు నా నోటికి వచ్చినంత జోరుగా కంటికి రాదు. నాన్న ఓడలో వచ్చేవాళ్ళ చేత తెప్పించుకునే సంగీత పత్రికల్లో నేను మొదలుపెట్టి పూర్తి చేయగలిగిన పేజీ అదొక్కటే. పాట పేరు, మనిషి పేరు, వరసగా చుక్కలు, చుక్కల చివర ఒక అంకె. కూడబలుక్కుని ఆ పేజీ చదివేసి, పత్రికంతా నమిలి మింగేసినంత గర్వంగా మూసేదాన్ని.

ఇప్పుడు అదే నాకు తిండి పెడుతోంది. టౌన్లో బస్టాండు దగ్గర ఒక ప్రెస్సులో డిజైన్ పని చేస్తాను. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, క్యాలెండర్లు, అన్నీ హిందీ, ఇంగ్లిష్. ఏడాదికోసారి మాత్రం మా తెలుగు పాటల సంఘం వాళ్ళ సంగీత పత్రిక వస్తుంది. ద్వీపాల్లో తెలుగువాళ్ళు పాడుకునే పాటలు, పాడేవాళ్ళ కబుర్లు అందులో ఉంటాయి. రేడియోలో చేసి రిటైరైన మాస్టారు ఒకాయన దానికి సంపాదకుడు. ఆ పని వచ్చిందంటే నాకు పండగ, మా యజమానికి తలనొప్పి. హిందీ అక్షరాలు పైన గీతకి బుద్ధిగా వేలాడతాయి. తెలుగు వత్తులు అలా కాదు, కింద కాళ్ళు బారజాపుకుంటాయి. హిందీకి సరిపోయిన ఎడం పెడితే పై వరస వత్తులు వచ్చి కింది వరస తలకట్ల మీద కూర్చుంటాయి. వరసలు ఎడం చేస్తే పేజీ చాలదు. అందుకే విషయసూచిక ఒక్కటీ పేజీగా అమర్చి కట్టడానికి మిగతా పత్రికంతా కట్టినంత సేపు పడుతుంది.

పోయినేడు మాత్రం ఆ పని నాకు రాలేదు. మెయిన్‌లాండ్‌లో ఎవరి చేతనో పేజీలు కట్టించారు. కట్టినవాళ్ళకి వరసలో చోటు చాలలేదు. చాలక మా పిన్ని పేరు వేసి, పక్కన ఒక కామా పెట్టి, "బృందం" అని వేశారు. ఆ బృందం ఎవరో కాదు, మా పెద్దమ్మ.

మా ఇంటి చిచ్చంతా ఆ ఒక్క మాటతోనే రాజుకుంది.

పెద్దమ్మ అంటే నాన్న అన్నగారి భార్య. శ్రీకాకుళం వైపు తీరం నుంచి పెళ్ళయ్యాక ఓడెక్కి వచ్చింది. హార్బర్ అవతల హోప్ టౌన్‌లో కాపురం, పెదనాన్నది చేపల వేట. వస్తూ వస్తూ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటలన్నీ మూటగట్టుకొచ్చింది. పిన్ని అంటే నాన్న తమ్ముడి భార్య. ఇక్కడే పుట్టింది, మాటల్లో సగం హిందీ, గరాచర్మలో కొత్త ఇల్లు కట్టుకుంది, ఆఫీసులో ఉద్యోగం. గొంతు పిన్నిది, మాటలు పెద్దమ్మవి. మా వాళ్ళలో ఏ ఆడపిల్ల పెళ్ళికి పసుపు కొట్టినా రోటికి అటొకరు, ఇటొకరు కూర్చుని వీళ్ళిద్దరే పాడాలి. పెద్దమ్మ ఒక్కతే పాడితే బడిలో పద్యం అప్పజెప్పినట్టుంటుంది. పిన్ని ఒక్కతే పాడితే రెండో చరణం దగ్గర మాటలు అయిపోయి లాలాలా మొదలవుతుంది. ఇద్దరూ కలిస్తేనే అది పాట.

పత్రిక చూసిన రోజు పెద్దమ్మ ఒకటే మాట అంది. "ఇన్నేళ్ళూ గొంతు సించుకుని పాడితే, నాను బృందమా? అయితే ఆ బృందాన్నే పిలుసుకోండి పెళ్ళిళ్ళకి."

పిన్ని ముఖం మాడ్చుకుంది. "మైనే థోడీ రాసినాను? మాస్టారు రాసినాడు, ప్రెస్సోడు ఏసినాడు. అక్క నన్ననడం ఏటి? నానేనా పేరు కోసం పడి చస్తున్నాను?"

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. నిజం చెప్పాలంటే ఇద్దరిలో ఒక్కరు ఫోన్ చేస్తే తేలిపోయే గొడవ. ఎవరూ చేయలేదు. ఈలోగా నా పెళ్ళి కుదిరింది. అబ్బాయిది చౌల్దారీ, పొలాలున్న ఇల్లు. అమ్మ నగల గురించి, భోజనాల గురించి బెంగపడుతుంటే నాకు మాత్రం పసుపు కొట్టే రోజు గురించే బెంగ. మా అక్కలందరికీ ఆ ఇద్దరూ కలిసి పాడారు. చివరిదాన్ని నేను. నా వంతు వచ్చేసరికి ఆ పాట సగమే దొరుకుతుందంటే ఏడుపొచ్చేది. ఇద్దర్నీ విడివిడిగా బతిమాలాను. ఇద్దరూ "ఆవిడొస్తే నాను రాను" అనే అన్నారు.

అలాంటి సమయంలో ఈ ఏడాది సంచిక నా చేతికొచ్చింది. అందులో వీళ్ళిద్దరి పసుపు పాట కూడా ఉంది. పాత రికార్డింగు విని మాస్టారు రాసుకున్నది. ఈసారి రెండు పేర్లూ పూర్తిగా వేసేద్దాం, గొడవ తీరిపోతుంది అనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాక గానీ అసలు చిక్కు తెలిసిరాలేదు. రెండు పేర్లంటే ఒకటి ముందు రాక తప్పదు. ఒకదాని కింద ఒకటి వేస్తే పైనున్నది పెద్ద. పక్కపక్కన వేస్తే ఎడమవైపుది పెద్ద. మధ్యలో పాట పేరు పెట్టి అటొకటి ఇటొకటి వేశాను, అయినా కన్ను ఎడమ నుంచే కదా వస్తుంది. గుండ్రంగా తిప్పి వేస్తే పెళ్ళికార్డు మీద దేవుడి బొమ్మ చుట్టూ శ్లోకం రాసినట్టుంది. అకారాది వరస అని సర్ది చెబుదామా అంటే, పెద్దమ్మ దగ్గర అకారాది నడవదు.

మాస్టారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాటల గురించి అడుగు తల్లీ, చెబుతాను. మీ పెద్దమ్మ, పిన్నుల మధ్యలోకి మాత్రం నన్ను లాగకు. నువ్వేం చేసినా నాకు సమ్మతమే," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

నువ్వేం చేసినా అన్నారు కదా, చేశాను. విషయసూచిక ఆకుని రెండు రకాలుగా కట్టాను. ఒకదాంట్లో పెద్దమ్మ పేరు పైన, పిన్నిది కింద. రెండోదాంట్లో పిన్ని పైన, పెద్దమ్మ కింద. అదే అక్షరం, అదే సైజు, అవే చుక్కలు. సగం కాపీలకి ఒక ఆకు, సగం కాపీలకి ఇంకో ఆకు. పెద్దమ్మ పైనున్న కట్ట హోప్ టౌన్‌కి, పిన్ని పైనున్న కట్ట గరాచర్మకి. ఇద్దరికీ మాటలు లేవు కాబట్టి పోల్చి చూసుకునే ప్రమాదం లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కట్టలు కలిసిపోకుండా హోప్ టౌన్‌దానికి నీలం వలతాడు, గరాచర్మదానికి ఆకుపచ్చ వలతాడు కట్టి, ఇంటికి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను. మా దగ్గర ఇలాంటివాటికి కొరియర్లు ఉండవు. ఆ వైపు వెళ్ళేవాళ్ళు ఎవరు కనబడితే వాళ్ళ చేతికి ఇవ్వడమే, జెట్టీలోనో బస్సులోనో. పొద్దున్నే వాన పట్టింది. ఇక్కడ ఏ మూటా ప్లాస్టిక్ చుట్టకుండా గడప దాటదు. నేను స్నానం చేసి వచ్చేలోగా అమ్మ రెండు కట్టలకీ ఒకే నీలం టార్పాలిన్ ముక్కలు చుట్టేసి, తాళ్ళు కనబడకుండా గట్టిగా టేపేసి, ఒకటి జెట్టీకి వెళ్ళే చేపల దీదీకి, ఒకటి బస్సుకి వెళ్ళే పక్కింటి భయ్యాకి ఇచ్చి పంపేసింది.

"తాడు రంగు చూసే ఇచ్చావా?" అని అడిగాను.

"తాడేటి? తడిసిపోకుండా సుట్టేసినాను కదా. రెండూ ఒకటే పుస్తకాలు కావా?" అంది అమ్మ. పాపం, ఆవిడ తప్పేముంది.

మధ్యాహ్నానికల్లా మా సంఘం వాట్సాప్ గ్రూపులో గరాచర్మ ఆవిడొకరు విషయసూచిక ఫోటో పెట్టారు. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. పైన పెద్దమ్మ పేరు. గరాచర్మలో పెద్దమ్మ పేరు పైనుంటే, హోప్ టౌన్‌లో పిన్ని పేరు పైనున్నట్టే. పోయినేడు బృందం అయిన మనిషి, ఈ ఏడు కూడా కింద.

పెద్దమ్మకి ఫోన్ చేశాను. బిజీ. పిన్నికి చేశాను. బిజీ. మళ్ళీ పెద్దమ్మకి, మళ్ళీ బిజీ. అప్పటికే చూసేసి ఊళ్ళో చుట్టాలందరికీ చెప్పుకుంటోంది, అయిపోయింది, నా పెళ్ళికి లాలాలానే గతి అనుకున్నాను. యజమానికి కడుపునొప్పని చెప్పి జెట్టీకి పరుగెత్తాను. ఫెర్రీలో అందరూ వాన జల్లు తప్పించుకోవడానికి లోపలికి జరుగుతుంటే నేను అంచునే నిలబడ్డాను. ఏం చెప్పాలి? అచ్చు తప్పు అందామా? మెషీన్ తిరగేసింది అందామా? ఏ అబద్ధమూ అతకలేదు.

పెద్దమ్మ ఇంటికి ఇంకా ఇరవై అడుగులు ఉందనగానే ఆవిడ గొంతు వినబడింది. అరుస్తోంది. నేను కంచె దగ్గరే ఆగిపోయాను.

"నీ కళ్ళకేటొచ్చిందే పిల్లా! నా ఎదురుగా ఉంది కదా పుస్తకం. నీ పేరే పైనుంది!"

పీట మీద స్పీకర్ పెట్టిన ఫోన్లోంచి పిన్ని గొంతు వచ్చింది. "నహీ అక్కా, తుమ్ ఠీక్ సే సూడు. నీ పేరే పైనుంది. నాను అక్షరం అక్షరం కూడబలుక్కుని సదివినాను. పేరు కోసం పాకులాడేదాన్నయితే నీది పైనెందుకుంటాది?"

"అదే నానూ అంటున్నాను. నీది పైనుంటే నాకేటి కష్టం? సిన్నదానివి, గొంతు నీది. ఉండనీ. కానీ నాదుంది అని అబద్ధం ఆడకు!"

"అబద్ధం ఏటి? నీదే ముందు!"

"కాదు, నీదే ముందు!"

ఏడాదిపాటు మాటల్లేని మనుషులు, ఫోన్ వేడెక్కేలా పోట్లాడుకుంటున్నారు. పోట్లాట ఎందుకంటే, నీ పేరు ముందంటే నీ పేరు ముందని. ఇందాకటి నుంచీ రెండు ఫోన్లూ ఎందుకు బిజీగా ఉన్నాయో అప్పటికి అర్థమైంది. తన పేరు కింద, అక్క పేరు పైన కనబడగానే పిన్నికి గుండెల మీద బరువు దిగిపోయి, ఇక నన్నెవరూ అనడానికి లేదని వెంటనే ఫోన్ చేసిందట. కంచె దాటి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చిందంటారే, అది నిజంగా ఒంట్లో తెలుస్తుంది.

పెద్దమ్మ నన్ను చూసింది. "అదిగో, కట్టినమ్మే వొచ్చింది. దీన్నే అడుగుదాం. ఏటే అమ్మీ, ఎవుల పేరు పైనుంది?"

అబద్ధాలన్నీ ఫెర్రీలోనే అయిపోయాయి కాబట్టి నిజం చెప్పాను. రెండు రకాల ఆకులు, రెండు రంగుల తాళ్ళు, అమ్మ టార్పాలిన్, అన్నీ. పెంకుల మీంచి వాన కారుతోంది. ముందు ఫోన్లోంచి పిన్ని నవ్వు మొదలైంది. పెద్దమ్మ నవ్వకూడదని చాలాసేపు బిగబట్టింది. ఆఖరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది.

"మమ్మల్ని ఇద్దర్నీ కలిపి ఎర్రిమొకాల్ని సేసీసినావు కదే," అని నా నెత్తి మీద ఒకటి మొట్టి, కంచంలో అన్నం పెట్టింది. "వొచ్చే ఏడు మాయిద్దర్నీ బృందం అనే ఎయ్యి. గొడవే ఉండదు."

పసుపు కొట్టే రోజు ఇద్దరూ వచ్చారు. రోటికి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. మొదటి చరణం నడిచింది. రెండో చరణం రాగానే పెద్దమ్మ కావాలనే పెదవులు మూసుకుంది. పిన్ని లాలాలా అని కాసేపు లాగింది, అదీ అయిపోయింది. రోకలి గాల్లోనే ఆగింది. వాకిట్లో ఆడవాళ్ళందరూ పెద్దమ్మ ముఖంలోకి చూశారు.

"అక్కా, ఆవో నా," అంది పిన్ని.

"బృందం కావాలేటి?" అంది పెద్దమ్మ.

వాకిలంతా ఘొల్లుమంది. పిన్ని రెండు చేతులూ జోడించింది. పెద్దమ్మ గొంతు సవరించుకుని చరణం అందుకుంది, పిన్ని దాన్ని పైకి లాక్కెళ్ళింది, రోకలి మళ్ళీ పడింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పసుపు చేతులతో తుడుచుకోవద్దని అమ్మ అరుస్తూనే ఉంది, నేను తుడుచుకుంటూనే ఉన్నాను.