పరశురాములు మనసులో చదవడు

కట్టంగూరు పరశురాములు ఏదైనా నోటితోనే చదువుతాడు. అక్షరం కనబడితే చాలు, అది బస్సు వెనకాల ఉన్నా పురుగుమందు డబ్బా మీద ఉన్నా, నాలుగిళ్ల అవతలికి వినపడేలా చదవాల్సిందే. "మనసుల చదువుడేందిరా, దొంగతనం లెక్క?" అంటాడు. మా బడిలో ఏడో తరగతిని ఒక్క దెబ్బకే గట్టెక్కిన ఘనుడాయన. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు పాఠం అప్పజెప్పి పెన్ను గెలుచుకున్నాడు కూడా. ఆ పెన్ను సంగతి తెలియని మనిషి ఎవరైనా ఊళ్లో కనిపిస్తే, నిన్నో మొన్నో కొత్త కోడలిగా వచ్చిందన్నమాట.

పెళ్లి పత్రిక చేతికొస్తే పిల్లాజెల్లా పేర్లన్నీ చదివి, అడుగున ఉన్న ప్రెస్సు ఫోన్ నంబరు దాకా వదలడు. ఓసారి గుడిలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చదవాలని, నడి ఎండాకాలం ఫ్యాను ఆపించాడు. పూజారి చెమటలు తుడుచుకుంటూ, "అయిందా పెద్దమనిషీ?" అన్నాడు.

"ఇంకో రెక్కుంది స్వామీ."

ఇలాంటి మనిషికి ప్రాణ స్నేహితుడు భిక్షం. రెండుసార్లు వార్డు మెంబరు. ఇస్త్రీ ధోతి, ముక్కు మీద అద్దాలు, నెమ్మదైన మాట. ఆ భిక్షం పత్తి బోరాలు ఎక్కించిన ట్రాక్టరు మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నల్లగొండలో ఓ దవాఖానలో చేర్చి, కాలికి బరువులు వేలాడదీశారు. కదిలితే ఎముక వంకరగా అతుక్కుంటుందని, ఆ తర్వాత కుంటుడు తప్పదని డాక్టరు గట్టిగా చెప్పాడు. భిక్షం మాత్రం పొద్దున లేస్తే అదే పాట.

"గీ బరువులు ఇప్పుండ్రి. ఇంటికి పోయి కట్టుకుంట!"

కూతురు త్రివేణికి ఏం చేయాలో పాలుపోలేదు. డిగ్రీ చదివి ఊళ్లో జిరాక్సు దుకాణం నడుపుతున్న పిల్ల. "నవ్వుల పుస్తకాలు తెచ్చియ్యమ్మా, పండుకున్నోళ్లకు పొద్దుపోతది" అంది నర్సు సుహాసిని. త్రివేణి బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణానికి బయలుదేరింది. పరశురాములు వెంటపడ్డాడు.

"కాకా, నేను తెస్త. నువ్వు బాపు దగ్గర కూసోరాదు."

"నీకు తెల్వదు బిడ్డా. కాలుకు బరువులున్న మనిషి. నవ్వు మెడ కాడ్నే ఆగాలె. కడుపులకు దిగిందా, కాలు కదుల్తది."

దుకాణంలో ఓ పుస్తకం తీసి గొంతెత్తాడు. "'మేకకు టికెట్టేదయ్యా?' అన్నాడు కండక్టరు. 'కొన్నానండీ, దాని టికెట్టు దానికే ఇచ్చాను. తినేసింది.'" పక్కనే చాయ్ తాగుతున్న అసలు కండక్టరు ఒకాయన నడుము పట్టుకుని ఊగిపోయాడు.

"సూసినవా త్రివేణీ? నడుం దాక పోయింది. ఇది వద్దు."

ఇంకోటి తీశాడు. జనం మూగారు. రామన్నపేట బస్సు కదిలిపోతున్నా ఎక్కాల్సినవాళ్లకు సోయి లేదు. "పెద్దాయనా, అన్నీ నువ్వే చదివి ఇనిపిస్తే ఇగ కొనేదెవలు?" అని దుకాణందారు మొత్తుకున్నాడు. చివరికి, విన్నవాళ్లు పెదాలతో మాత్రమే నవ్విన రెండు పుస్తకాలు ఖాయమయ్యాయి.

వార్డు గుమ్మం మీద బోర్డుంది. "నిశ్శబ్దం పాటించండి!" అని పరశురాములు చదివిన తీరుకు లోపల కునుకు తీస్తున్నవాళ్లు ఉలిక్కిపడి లేచారు. సుహాసిని ఉరికొచ్చింది.

"పెద్దాయనా, గా బోర్డు చూసినవా?"

"నువ్వు ఇనలేదా బిడ్డా? మళ్ల చదవాల్నా?"

వరండాలోకి పంపేసింది.

త్రివేణి పుస్తకం తండ్రి చేతికిచ్చింది. భిక్షం అద్దాలు సర్దుకుని పేజీలు తిప్పసాగాడు. కాసేపటికి "హహ్హహ్హ!" అని నవ్వాడు. త్రివేణి ప్రాణం లేచొచ్చింది. అంత మంచి జోకేమిటా అని తొంగిచూసింది. అది వెనకాల ఉన్న పుస్తకాల ధరల పట్టీ. భిక్షం పేజీ తిప్పాడు. మొలల మందు ప్రకటన. దానికి ఇంకా గట్టిగా నవ్వాడు.

పక్క మంచం మీది గాలయ్య ఆగలేకపోయాడు. "ఏందన్నా గంతగనం నవ్వుతున్నవ్? జర మాకు గూడ చదివి ఇనిపియ్యరాదే!"

భిక్షం నవ్వు ఆగిపోయింది. వార్డంతా తలలు తిప్పి చూస్తోంది. త్రివేణికి విషయం అర్థమైంది. ఇన్నేళ్ల బాపు పెద్దరికం ఆ మొలల మందు పేజీ మీద నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది.

అంతలో గుమ్మంలోంచి పిడుగులా ఓ గొంతు. "అరే భిక్షం! నేనుండంగ నువ్వు చదువుడేందిరా? ఏడో తరగతి పాసైంది నువ్వా, నేనా?" పరశురాములు పుస్తకం గుంజుకుని మొదలుపెట్టాడు. కొత్తల్లుడు అత్తగారింటి గడ్డివాములో దాక్కునే దాకా వచ్చిందో లేదో, సుహాసిని మళ్లీ రెక్క పట్టుకుని బయటికి నడిపించింది. త్రివేణి వెనకాలే వెళ్లింది.

"కాకా, బాపుకు చదువు రాదా?"

పరశురాములు గొంతు దించడం త్రివేణి అప్పుడే మొదటిసారి చూసింది. "మెల్లగనవే! వార్డు మెంబరు చేసినోడు. ఇజ్జత్ పోతది."

"నీకెట్ల ఎరుక?"

"పంచాయతీల ఎవలో నోటీసు ఇస్తే, పట్టుకొని తలకాయ ఊపుతుండు. మొఖం జూసిన, సమజైంది. గుంజుకొని పెద్దగ చదివిన. గప్పటిసంది గంతే. నేను మొత్తుకుంటె అందరు నన్ను జూసి నవ్విన్రు. మీ బాపు దిక్కు ఎవలు జూడలే."

"మరి గుళ్లె ఫ్యాను రెక్కలు?"

"మీ బాపు పక్కనే ఉండె. ఎవలెవలు ఇచ్చిన్రో తెలుసుకోవాల్నని ఒకటే గుల."

"పురుగుమందు డబ్బా?"

పరశురాములు తల గోక్కున్నాడు. "అది ఊకెనే. అలవాటైంది."

త్రివేణి కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. తిన్నగా సుహాసిని దగ్గరికి నడిచింది. కాక చేత చదివించనిస్తే బాపు మంచం దిగనని మాటిస్తాడంది. సుహాసిని ససేమిరా అంది. అంతలో గాలయ్య తన మంచం మీంచే అందుకున్నాడు. "సిస్టరమ్మా, గా అల్లుడు ఏమైండో చెప్పకుంట తీస్కపోతివి. మాకు బువ్వెట్ల సయిస్తది?" మిగతా మంచాలవాళ్లూ వంత పాడారు. చేసేదిలేక, డాక్టరు వచ్చిపోయాక, తలుపులు మూసి ఓ గంట చదువుకోమంది.

ఇక మిగిలింది బాపు. త్రివేణి మంచం పక్కన కూర్చుని, పంచాయతీకి అర్జీ పెట్టుకున్నట్టు అడిగింది. "బాపూ, నీ పుస్తకాలు జర కాకకు ఇయ్యరాదు. వార్డందరికి చదువుతడంట. నువ్వు కదలకుంట పండుకొని, తప్పులుంటే దిద్దాలె."

భిక్షం అద్దాలు తీసి, తీరిగ్గా తుడిచి, స్నేహితుడి వైపు చూశాడు. పరశురాములు ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

"సరె తియ్యి."

చదువు మొదలైంది. వార్డు వార్డంతా నవ్వుతోంది. మధ్యలో భిక్షం చెయ్యెత్తి, "ఆగురా, గా ముక్క మింగినవ్. మళ్ల చదువు" అంటే, పరశురాములు బుద్ధిగా మళ్లీ చదువుతున్నాడు. బరువులు విప్పమన్న మాటే లేదు.

"నువ్వు చదివితే ఇంకా మంచిగుండునేమో అన్నా" అన్నాడు గాలయ్య.

భిక్షం దిండు మీదికి వాలి, గొంతు తగ్గించాడు. "నేనే చదువుదును గాలయ్యా. కని పాపం, వానికి చదవకుంటె పానం నిమ్మలముండదు. పోనియ్యని ఇడిసిపెట్టిన."