పురుగులకు కట్టిన అపార్ట్‌మెంట్

నేను కాగితాలు మడుస్తాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నా ముఖం వైపు, తర్వాత జాలిగా మా ఆయన వైపు చూస్తారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఇది దేనికి పనికొస్తుందమ్మా?" పాతికేళ్లుగా వింటున్నాను. మదనపల్లెలో మా వీధి చివర ఒక పెద్దమనిషి రోజూ సాయంత్రం మూడు గంటల సేపు గేటు పట్టుకుని నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తుంటాడు. ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఆయన విశ్రాంతి తీసుకుంటున్నాడట. నేనేమో టైము పాడుచేసుకుంటున్నానట.

పుంగనూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున బస్సులో అక్కడికి, సాయంత్రం మళ్లీ మదనపల్లెకు. కిటికీ పక్క సీటు దొరికితే ఆ పూట ఏదో ఒకటి మడుస్తాను. ఒకసారి చెకింగ్ ఆయన బస్సెక్కేసరికి నా టికెట్టు చిన్న కప్పగా మారి ఉంది. ఆయన దాన్ని ఓపిగ్గా విప్పి, చదివి, తిరిగి మడవడం చేతకాక నా చేతిలో పెట్టి, "ఏ స్కూలు మేడమ్ మీది?" అని అడిగాడు. వాళ్ల పిల్లల్ని ఎక్కడ చేర్చకూడదో తెలుసుకుందామని కాబోలు.

కప్పలు, కొంగలు మడిచే దశ ఎప్పుడో దాటిపోయాను. నా పిచ్చి ఇప్పుడు టెసలేషన్లు. ఒకే కాగితం, కత్తెర ఉండదు, జిగురు ఉండదు. గచ్చు మీద పలకలు పరిచినట్టు ఒకే నమూనా కాగితం నిండా మళ్లీ మళ్లీ రావాలి. ముందు నిలువు, అడ్డం, ఐమూల గీతలన్నీ మడిచి విప్పాలి. పైకి లేచేది కొండ మడత, కిందికి దిగేది లోయ మడత. తర్వాత వాటన్నిటినీ ఒకేసారి లోపలికి కుదించాలి. ఒక్క మడత తిరగబడిందా, చుట్టుపక్కల ఉన్నవన్నీ అలుగుతాయి, పెళ్లికి ఒక్క మేనమామను పిలవడం మరిచిపోయినట్టు.

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో ఒక పెద్దది మొదలుపెట్టాను. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం, మంచం మీద పరిస్తే దుప్పటంత. దాని నిండా వరసలు వరసలుగా గుంటలు, ఒక్కో గుంటలో బొటనవేలు మునిగేంత లోతు. డిజైను నాదే. పాత ప్రశ్నపత్రాల వెనక లెక్కలు కట్టి, చిన్న కాగితాల మీద మడిచి చూశాను. మొదటిది ముడుచుకోలేదు. రెండోది ముడుచుకుంది గానీ మళ్లీ తెరుచుకోలేదు. మూడోది మా ఆయన చెత్తనుకుని బయట పారేశాడు. ఆయన తప్పేం లేదు, మూడోది నిజంగానే చెత్త. నాలుగోది కుదిరింది. పాత దువ్వెన వీపుతో మడతలు రుద్ది రుద్ది, నాలుగు నెలలకు పూర్తి చేశాను. అంచులు పట్టుకుని లాగితే మొత్తం ఒక్కసారిగా తెరుచుకునేది, వదిలితే ముడుచుకునేది. చూస్తుంటే నాకే ముచ్చటేసేది. ఇంకెవరికీ వేయలేదు కాబట్టి ఆ ముచ్చటంతా నా వాటాకే వచ్చింది.

సరిగ్గా అప్పుడే కుప్పం నుంచి ఫోను. అక్కడి ఒక కాలేజీలో గణిత ప్రదర్శన పెడుతున్నారట. మా స్కూలుకు ఎప్పుడో వచ్చిన ఒక లెక్చరరు నా కాగితాలు చూసి గుర్తుపెట్టుకున్నాడట. "మీ పేపర్ క్రాఫ్ట్ తీసుకొని రావల్ల మేడమ్, ఒక టేబులు మీకే ఇడిచిపెట్టినాము" అన్నాడు. పేపర్ క్రాఫ్ట్ అన్నందుకు మామూలుగా అయితే పావుగంట క్లాసు పీకేదాన్ని. ఆ రోజు మాత్రం "అలాగేనండి" అని ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. యాభై ఏళ్లు వచ్చాక మొదటిసారి ఒక టేబులు. ఆ ప్రశ్న అడగని మనుషులు ఒక గదిలో ఉంటారు, వాళ్ల ముందు నా కాగితం తెరుచుకుంటుంది. నాకు కావలసింది అంతే.

మా అన్నయ్యది కుప్పానికి ఇవతల, గుడుపల్లె వైపు ఒక పల్లె. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. షెడ్డుకు యజమాని మా అన్నయ్య, అధికారి మా వదిన. ఆవిడ చదివింది ఐదో తరగతి, పురుగుల సంగతిలో మాత్రం డాక్టరేటు. వేసవిలో నేను వెళ్లినప్పుడు ఆవిడ విరిగిన నేత్రికలు ముందేసుకుని కూర్చుంది. నేత్రిక అంటే పండిన పురుగులు, అంటే మేత మానేసినవి, గూళ్లు కట్టుకోవడానికి పరిచే ప్లాస్టిక్ అల్లిక, నిండా ఎత్తుపల్లాలతో ఉంటుంది.

"ఇవన్నీ ఇరిగిపోతాండాయి. పురుగు పండేటప్పటికి సాలవు. నువ్వు ఇంతింత సేపు కాగితాలు మడస్తా ఉండావే, మా పురుగులకు పనికొచ్చేటిది ఏమన్నా మడస్కూడదా అమ్మా?" అంది.

మళ్లీ అదే ప్రశ్న, ఈసారి పురుగుల తరఫున. నాకు ఒళ్లు మండింది. "దానికేం వదినా, మీ పురుగులకు అపార్ట్‌మెంటు కట్టిస్తా. తలా ఒక గది. బాల్కనీ కూడా పెట్టిస్తాలే" అన్నాను.

"బాల్కనీ వద్దులే, గది సాలు" అంది వదిన, చాలా సీరియస్‌గా.

ఆ మాట నేను బస్సెక్కగానే మరిచిపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నాకు తెలుసు గానీ, దానికి ఇంత మంచి జ్ఞాపకశక్తి ఉన్న శ్రోత దొరుకుతుందని అనుకోలేదు.

ప్రదర్శన ఆదివారం. శుక్రవారం సాయంత్రమే స్కూలు నుంచి నేరుగా బయల్దేరి, పలమనేరులో బస్సు మారి, కాగితం కట్టను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని అన్నయ్య ఇంటికి చేరాను. ప్రదర్శన సంగతి చెప్పలేదు. చెబితే ఆ ప్రశ్న వస్తుంది, నేను ఏదో అంటాను, అన్నం సహించదు. "కుప్పంలో పనుంది" అని మాత్రం చెప్పి, కట్టను వదిన చేతికిచ్చి, "జాగ్రత్త వదినా, తడి తగలకూడదు, మీద బరువు పెట్టకూడదు" అన్నాను. వదిన కట్ట చివర కొంచెం విప్పి, గుంటలు వేలితో తడిమి, నా వైపు అదోలా చూసి లోపల పెట్టింది. ఎందుకో ఆ రాత్రి నాకు రెండు ముద్దలు ఎక్కువే వడ్డించింది.

శనివారం పొద్దున కుప్పం వెళ్లి హాలు చూసుకున్నాను. కిటికీ పక్క టేబులు, మంచి వెలుతురు. కాగితాన్ని నిలబెట్టడానికి దారం, క్లిప్పులు కొన్నాను. నిర్వాహకులతో మాట్లాడుతూ ఫోను సైలెంటులో పెట్టి, తీయడం మరిచిపోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. షెడ్డులోంచి మాటలు వినిపించాయి. గుమ్మం దగ్గర పురుగులకు రోగం తగలకుండా పోసిన బ్లీచింగ్ పొడిలో కాళ్లు అద్దుకుని లోపలికి తొంగి చూశాను.

నా నాలుగు నెలలు మూడో అరలో పరిచి ఉన్నాయి. పూర్తిగా తెరిచి, నాలుగు మూలలా తాళ్లతో కట్టి, నేను ఎప్పుడూ పరవలేనంత పొందికగా. దాని మీద పసుపు తిరిగిన పురుగులు. వదిన పళ్లెంలోంచి వాటిని ఒక్కొక్కటిగా ఏరి గుంటల్లో వదులుతోంది.

"వచ్చినావా అమ్మా! ఈ పొద్దు నువ్వు లేకుంటే మా పని అయిపోయిండేది" అంది, తల కూడా ఎత్తకుండా. "రేపు పండుతాయనుకుంటే పొద్దున్నే అన్నీ ఒకేసారి గూడు కట్టేదానికి తల లేపినాయి. నేత్రికలు సాల్లేదు. నీకు ఫోను సేస్తే ఎత్తలేదు. ఏంటికిలే, మనకని తెచ్చిందే కదా అని పరిచేసినా. ఎండాకాలం అపార్ట్‌మెంటు అంటే ఎగతాళికి అంటాండావనుకున్న్యా. నిజంగానే సేస్కోనొచ్చినావు. ఇప్పుడే మీ అన్నతో సెప్తా ఉంటిని, పిల్ల నోరు అట్లుంటాది గానీ మనసు మంచిదని."

అన్నయ్య అటు తిరిగి ఆకు సర్దుతున్నాడు. ఇంత మంచి సర్టిఫికెట్ ఇచ్చాక మనిషి ఎలా అరుస్తుంది? అయినా, "వదినా, అది రేపు కుప్పంలో పెట్టాలి. నన్ను పిలిచారు. నాకు ఒక టేబులు ఇచ్చారు" అన్నాను.

వదిన చేతిలో పళ్లెం ఆగిపోయింది. నా ముఖం చూసింది, కాగితం చూసింది. "ఏంటికి సెప్పలేదమ్మా?" అంది మెల్లగా. పళ్లెం అర అంచున పెట్టి ఆవిడే అంది, "ఇప్పుడు కదిలిస్తే దారం తెగిపోతాది. మళ్లీ తినవు, సరిగ్గా గూడూ కట్టవు. ఐనా నీ సొత్తు. తీసుకో. నేను ఏరేస్తా."

అని నిజంగానే ఏరడానికి వంగింది. ఉత్త మాట కాదు, ఆవిడ అన్నదంటే చేస్తుంది. ఆ బ్యాచి కోసం ఇరవై రోజులుగా పూటకు ఇన్నిసార్లని ఆకు కోసి, తరిగి, పురుగులు పొర విడిచే నాలుగు జ్వరాలూ దాటించిన మనిషి. నేను మొదటి వరస చివరి గుంటలోకి చూశాను. ఒక పురుగు తల అటూ ఇటూ ఊపుతూ, కొండ మడత నుంచి లోయ మడతకు, లోయ నుంచి కొండకు, కంటికి ఆనీ ఆనని దారం కడుతోంది. పాతికేళ్లలో ఆ మడతను అంత శ్రద్ధగా వాడుకున్న ప్రాణి ఇంకొకటి లేదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

"ఉండనీ వదినా" అన్నాను. అని, పెరట్లోకి వెళ్లి, క్లిప్పుల డబ్బా గోడకేసి కొట్టాను. తర్వాత వాటిని నేనే ఏరుకున్నాను.

ఆదివారం ఖాళీ టేబులు ముందు కూర్చున్నాను. బల్ల మీద నా పేరు రాసిన అట్ట, పేరు కింద 'పేపర్ క్రాఫ్ట్' అని. వచ్చిన ఆహ్వానపత్రాలే చించి చిన్న నమూనాలు మడిచాను. "పెద్ద మోడల్ తెస్తామన్నారే మేడమ్?" అని లెక్చరరు అడిగితే, "పురుగులు కాపురం ఉన్నాయి సార్, ఖాళీ చేయడానికి వారం పడుతుంది" అన్నాను. ఆయన మర్యాదగా నవ్వి పక్క టేబులుకు వెళ్లిపోయాడు. ముఖ్య అతిథి వచ్చి నా నమూనా ఒకటి చేతిలోకి తీసుకుని, ఎంతో ఆప్యాయంగా, "రాకెట్ వస్తాదా మీకు?" అని అడిగాడు. చేసిచ్చాను. ఎగరేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రదర్శన మొత్తానికి నా టేబులు దగ్గర మోగిన చప్పట్లు అవే. ఆ ప్రశ్న అడగని మనుషులు ఒక గదిలో ఉంటారని కదా నేను ఆశపడింది. పన్నెండు మంది అడిగారు.

తర్వాతి ఆదివారం గూళ్లు తీస్తున్నారంటే వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలీదు, పోయినవాళ్లను చివరిచూపు చూడటానికి కాబోలు. కాగితం నిండా తెల్లటి గూళ్లు, గుంటకొకటి. వదిన ఒక్కో గూడు పీకుతుంటే దాంతోపాటు నా మడత చిరిగి వస్తోంది. మిగిలిన చోటంతా పసుపు మరకలు. అన్నీ తీశాక వదిన ఆ కాగితాన్ని పెరట్లోకి తెచ్చి, అగ్గిపుల్ల గీసింది.

"కాల్చెయ్యల్లమ్మా. ఉంచితే వచ్చే బ్యాచికి రోగం తగులుతాది" అంది. నేను తల ఊపాను. మంట తగిలేసరికి మడతలన్నీ ఒక్కొక్కటే విప్పుకున్నాయి, చివరికి చదునైన కాగితం ఒక్క క్షణం కనిపించి బూడిదైంది. నాకు ఏడుపొచ్చింది, పొగ మీదికి నెట్టేశాను.

వదిన మంటనే చూస్తూ, "ఒక మాట సెప్తా, ఏమనుకోవద్దు. అంచుల్లో గుంటలు లోతు సాల్లేదు. ఆడ పురుగు జారిపోయింది. నడిమధ్య బాగుండాయి. నువ్వు మధ్యలోంచి మడిచినావు కదా, అంచుకు వచ్చేటప్పటికి కాగితం బిగుసుకోనుంటాది" అంది.

నేను ఆవిడ వైపు తిరిగాను. నిజమే. అంచుల్లో నా లెక్క తప్పింది. నాలుగు నెలలు దాని మీద వంగి కూర్చున్న నాకు తెలుసు, దువ్వెనకు తెలుసు. మూడో మనిషికి తెలుస్తుందని అనుకోలేదు.

కొంగు ముడి విప్పి ఒక గూడు తీసి నా చేతిలో పెట్టింది. అది గుండ్రంగా లేదు. ఒక పక్క చదునుగా అణిగి, దాని మీద సన్నటి గీత. కొండ మడత అచ్చు, అంచు వరస గుంటలోది.

"ఇది మార్కెట్టులో ఎవురూ తీసుకోరు. దేనికీ పనికిరాదు. నువ్వు పెట్టుకో" అంది. "ఎండలో పెట్టు, లేకుంటే లోపలిది బొక్క పెట్టుకోని బయటికొస్తాది."

నేను నవ్వబోయాను, కుదరలేదు. బ్యాగులోంచి ఒక ఖాకీ కాగితం ముక్క తీసి, గూడు కొలత చూసుకుని, దానికి ఒక పెట్టె మడవడం మొదలుపెట్టాను. వదిన పక్కనే గొంతుక్కూర్చుని, మూత పడేదాకా నా వేళ్లనే చూసింది. ఇది ఏంటికని అడగలేదు.