అక్క చంపకుండా వదిలిన కాయ

2020వ సంవత్సరం ఏప్రిల్ 16, గురువారం, సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలు. మదనపల్లెలోని మా వరండా గోడకు తగిలించిన ఉష్ణమాపకం ముప్పై ఆరు డిగ్రీలు చూపుతోంది. గాలి లేదు. హార్సిలీ కొండల వైపు ఒకే ఒక్క మబ్బు ఉన్నది గాని, దానికి వర్షించే ఉద్దేశం ఉన్నట్టు ఆధారమేమీ కనబడలేదు. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, నా జీవితంలో నాకు బొత్తిగా ఏమీ అర్థం కాని గంట అక్కడే మొదలయింది. చిన్నతనపు ముచ్చట్లు చెప్పేవారు సాధారణంగా తమ పదేళ్ల ప్రాయాన్ని తలుచుకుంటారు. నా చిన్నతనం కొంత ఆలస్యంగా, అరవై ఆరవ ఏట వచ్చింది. దేశమంతా తలుపులు మూసుకొని కూర్చున్న ఆ వేసవిలో, ఫోనులో లూడో ఆడుతూ, నా కాయ చచ్చిందని అలిగి అన్నం మానేసిన (ఒక్క పూటే, రాత్రికి తిన్నాను) మనిషిని నేను.

నేను టమాటా మార్కెట్ యార్డులో ముప్పై నాలుగేళ్లు రాబడి లెక్కలు రాసినవాణ్ణి. "ఈ పొద్దు సరుకు బాగా వచ్చిండాది సార్" అని ఎవరైనా అంటే, ఎన్ని పెట్టెలని అడిగేవాణ్ణే తప్ప, 'బాగా' అనే మాటను ఏనాడూ ఒప్పుకున్నవాణ్ణి కాను. అటువంటి నన్ను ఆటలోకి దించినది మా అక్క ఒంటరితనం. ఆమె కుప్పంలో ఉంటుంది. అప్పటికి డెబ్బై నాలుగేళ్లు, చక్కెర జబ్బు, బావగారు లేరు, కొడుకు బెంగళూరులో చిక్కుబడి ఉన్నాడు. మేము పోదామంటే దారిలో పుంగనూరు, పలమనేరు, ప్రతి ఊరి పొలిమేరలోనూ అడ్డుకట్టలు. ఫోనులో పలకరించుకోవడం మొదటి వారంలోనే అడుగంటింది. ఇల్లు కదలనివారికి చెప్పుకొనే వార్తలేముంటాయి? "తిన్నావా అక్కా?" "తింటి." "ఇంగేమి?" "ఇంగేముండాది?" అక్కడితో సరి.

అప్పుడు పుంగనూరులో ఉండే మా బావమరిది (మా ఆవిడ తమ్ముడు, ఒక పొట్టి ఆవును పెట్టుకొని దానిని జిల్లా కలెక్టరులాగా చూసుకొనేవాడు) ఈ ఉపాయం చెప్పాడు. మూడు ఊళ్లలో మూడు ఫోన్లు, ఒకే ఆట, ఆడుతూ మాట్లాడుకోవచ్చు. "వదినకు ఆట అంటే పిచ్చి గదా బావా. నాలుగు గంటలకు ఆమె కాయ కదిలిందంటే ఆమె బాగుండాదని లెక్క. దినామూ హాజరు తీసుకున్నట్టు ఉంటాది" అన్నాడు. హాజరు అన్న మాట నాకు నచ్చింది. అక్కకు ఎర్ర కాయలు, అతనికి పసుపు, నాకు నీలం.

అక్క ఆట ఎటువంటిదో చెప్పాలి. చిన్నప్పుడు చింతపిక్కలతో నేలమీద ఆడినప్పుడే, నాకు జ్వరం వచ్చి పడుకొని ఉంటే నా పక్కన గళ్లు గీసి, పడుకున్నవాడి కాయను కూడా చంపిన మనిషి. ఏడిస్తే, "వదిలేసిన కాయే రేపు మన నెత్తిన కూర్చుంటాది" అని నీతి చెప్పేది. డెబ్బై నాలుగేళ్లకూ ఆ నీతి చెక్కు చెదరలేదు. ఇంటి గుమ్మం దాకా వచ్చి పండబోయే నా కాయను వెనక నుంచి వచ్చి చంపి, "రేయ్ చిన్నోడా, మళ్లీ మొదటి నుంచి రా నాయనా, పొద్దుపోయేదుండాది గదా" అనేది. మా ఆవిడ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మీ అక్క మిమ్మల్ని బాగా పెంచింది" అనేది. అది పొగడ్తో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ గురువారం ఆట మొదలయింది గాని అక్క గొంతు వినబడలేదు. అంతకుముందు కూడా ఆమె బొటనవేలు తగిలి మాట ఆగిపోవడం ఉండేది కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. కొంతసేపటికి ఆమెకు నాలుగు పడింది. సరిగ్గా నాలుగు గళ్ల ముందు నా నీలం కాయ నిలబడి ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే, ఆమె వేరొక కాయను జరిపి ఊరకుంది.

"బావా, వదిన నిన్ను చంపలే" అన్నాడు బావమరిది.

"చూసుకోలేదేమో."

"ఇది మూడోది. ఇంతకుముందు నన్ను రెండు తూర్లు వదిలేసింది. నాకు ఏందో సరిగా తోచలేదప్పా."

తోచడం, తోచకపోవడం నాకు ప్రమాణాలు కావు. ఆమె కాయ ప్రతి వంతుకూ కదిలిందనీ, ఒక్క వంతు కూడా తప్పలేదనీ చెప్పాను. అంతేకాదు, రోజూ అక్క ఒక్కొక్క ఎత్తుకు ఒక్కొక్కంత సేపు తీసుకునేది. ఈ రోజు ప్రతిసారీ గడియారం కొట్టినట్టు ఒకే వ్యవధి. సాధన వల్ల ఆమె చేయి కుదిరిందని నా నిర్ణయం అన్నాను. (ఈ వాక్యాన్ని నేను ఎంత గంభీరంగా పలికానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

బావమరిది గొంతు తగ్గింది. "బావా, నేనొకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. మనం ముట్టుకోకపోతే మన వంతు అదే ఆడుకుంటాది. కంప్యూటరు."

"నీకెట్లా తెలుసు?"

"ఆవుకు నీళ్లు పెట్టేదానికి పోతాను గదా. వచ్చేసరికి నా కాయలు నడిసుంటాయి."

అంటే ఇన్నాళ్లూ నేను ఎవరితో ఆడాను? నేను గెలిచిన ఆటల్లో ఆవుకు దాహం వేసినవి ఎన్ని? ఈ ప్రశ్న పెదవుల దాకా వచ్చింది గాని, దాని వెనకనే ఇంకొకటి వచ్చి దానిని తోసేసింది. కాయ కదులుతోంది, అక్క లేదు. అయితే అక్క ఎక్కడ? హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన నేను రోజూ పెట్టుకుంటున్న టిక్కుకు అర్థమేమిటి?

ఫోనును బల్లమీద పడేసి, మా ఆవిడ ఫోనుతో అక్కకు చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పుంగనూరు నుంచి అతనూ చేశాడు. చక్కెర పడిపోతే మనిషి ఎట్లా కూలబడుతుందో నాకు తెలుసు; బావగారు చనిపోయిన ఏడాది ఆమెను వంటింటి గడప దగ్గర అట్లా చూశాను. కుప్పం పోవడానికి అనుమతి ఎవరిస్తారో, మోటారు ఎవరు నడుపుతారో, నాకు ఒక్క అంకె కూడా తెలియలేదు. చొక్కా తొడుక్కున్నాను. గుండీ ఒకటి ఎక్కువ వచ్చింది.

"యాడికి? నడిచి పోతారా?" అంది మా ఆవిడ. "మీ అక్క పక్కింటి బీబమ్మకు చేద్దాం ఉండండి." బీబమ్మ నంబరు తన దగ్గర ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది. మా ఆవిడ రెండేళ్ల నుంచి ఆమెతో ఊరగాయల గురించి మాట్లాడుతోందట. ఆమె ఫోను ఎత్తగానే నేను లాక్కున్నాను.

"మా అక్కను ఒకసారి చూడండమ్మా, ఫోను ఎత్తడం లేదు."

"అక్క ఈడనే ఉండాది సార్, మా వాకిట్లో" అంది బీబమ్మ నీరసంగా. "జరా ఆగండి. ఇప్పుడే నా రెండు కాయిలూ సంపేసింది."

నేను కుర్చీలో కూర్చున్నాను. అక్క గొంతు ఇంకా వినలేదు గాని, ఆమె క్షేమమని చెప్పడానికి అంతకన్నా తిరుగులేని ఆధారం ఉండదు. తరువాత అక్క వచ్చింది. "యాల రేయ్, అన్ని తూర్లు చేస్తాండావంట?"

"నాలుగు గంటలకు మన ఆట గదా అక్కా."

"ఆటలోనే ఉండానే. పెట్టేసి వచ్చినా. పాపం బీబమ్మది గుండీల ఫోను, దాంట్లో ఆట రాదు. ఒక్కతే గోడ చూస్తా కూర్చోనుండాది. నా కాయలు అదే జరుపుకుంటాదిలే అని, ఈడ ముగ్గుపిండితో గళ్లు గీసినా."

"మేము ఎంత భయపడినామో నీకు తెలుసా?"

"దేనికి? కాయలు కదలతానే ఉండాయి గదా?"

నా సొంత సిద్ధాంతం నా ముందుకే వచ్చి నిలబడింది. ఇకమీదట ప్రతి ఒక్కరూ పాచిక వేసే ముందు ఒక మాట పలకాలి, పలకకపోతే ఆ వంతు చెల్లదు అని నిబంధన పెట్టాను. అక్క నవ్వింది. "అట్లయితే ఆట యాలరా, ఊరికే మాట్లాడుకుంటే పోలా?" అంది. అది మాత్రం మాకు చేతకాదని ముగ్గురికీ తెలుసు. అందుకని మరునాటి నుంచి నాలుగింటికి మాతో, ఐదింటికి బీబమ్మతో అని సర్దుకున్నాము.

బల్లమీద ఫోను తీసి చూస్తే ఆట ముగిసిపోయి ఉంది. రెండు ఊళ్లలో మేము కంగారు పడుతూ, మూడో ఊళ్లో అక్క బీబమ్మ కాయలు చంపుతూ ఉంటే, ముగ్గురి కాయలూ ఎవరి సాయమూ లేకుండా తిరిగి తిరిగి ఇంటికి చేరాయి. ఎర్రది గెలిచింది. "నా పేరుతో గెలిచింది, నాదే" అని అక్క ఈనాటికీ వాదిస్తుంది. ఆ సమయంలో ఆమె పుంగనూరు వారితో గాని, మదనపల్లె వారితో గాని ఆడలేదు కాబట్టి నేను ఒప్పుకోలేదు.

దారులు తెరిచారు, కొడుకు వచ్చాడు, ఆట ఆగిపోయింది. ఇప్పుడు అక్కకు ఎనభై దాటాయి. ఫోను చేస్తే "తిన్నావా", "ఇంగేమి" దగ్గరే నిలుస్తాము. కొన్ని సాయంత్రాలు నేను ఒక్కణ్ణే ఆ ఆట తెరిచి కంప్యూటరుతో ఆడతాను. అది నా కాయను చూసి కూడా వదిలేస్తుంది. నేను గెలుస్తాను. గెలిచినప్పుడల్లా, గుండీలు తప్పుగా పెట్టుకొని కుప్పానికి బయలుదేరిన ఆ అరవై ఆరేళ్ల పిల్లవాడు గుర్తుకొచ్చి కొంచెం నవ్వుకుంటాను. ఈ గెలుపులను లెక్కలో చేర్చలేదు. ఆ వేసవిలో ఆడిన ఆటలు మొత్తం ఎనభై మూడు. అక్క నలభై ఆరు, బావమరిది ఇరవై తొమ్మిది, నేను ఏడు. ఒకటి ఎవరిదీ కాదు.